మరిది చెప్పినట్టే టైపు చేశాను

ఆళ్లగడ్డ,
27 జనవరి 2026

చెల్లెలు నాగజ్యోతికి,

మహానందీశ్వరుడు నిన్నూ, మీ ఆయననూ, మీ జిరాక్స్ అంగడినీ చల్లగా చూడాలి.

ఇది నేను ఫోన్‌లో టైపు చేసిన మొదటి ఉత్తరం. వాయిస్ మెసేజులు పెట్టొద్దు, పూర్తి ఉత్తరం టైపు చేసి పంపు, అప్పుడే వేలు తిరుగుతుంది అన్నావు కదా. ఈ పై రెండు ముక్కలు రాసేలోపు పప్పు అడుగంటింది. ఒక అక్షరం నొక్కితే ఇంకొకటి పడుతోంది. ‘క్ష’ ఎక్కడ దాచారో ఆ కంపెనీవాళ్లకే తెలియాలి.

మీ బావ సంవత్సరీకం అయిన మరునాడే మా మరిది ఉమాశంకర్ తన పాత ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. “వదినా, ఊరికే కూచ్చోని ఏం చేస్తాండావ్? ఫలకాలకు టైపింగ్ నేర్చుకో. బయట చేయిస్తే వాళ్లు నోటికొచ్చినంత అడుగుతాండారు” అన్నాడు. సరే అన్నాను. నేను ఎవరికీ కాదని చెప్పింది లేదని నీకు తెలుసు.

పని ఇట్లా ఉంటుంది. నేను ఫోన్‌లో టైపు చేసి పంపితే, ఆ అక్షరాలను స్టిక్కరుగా కోసి నల్లరాతికి అంటిస్తారు. పైనుంచి ఇసుక కొడితే అక్షరాలు రాతిలోకి దిగుతాయి. ఒకసారి దిగితే ఇక అంతే.

మొదటి పనే చౌడమ్మ గుడి ఫలకం. ప్యాపిలి పక్క ఊరివాళ్లు చేయించుకున్న అమ్మ గుర్తుందా? మీ బావ ఏడాదికి పైగా చెక్కిన విగ్రహం, కళ్లు తెరవడం ఒక్కటే మిగిలి ఉండగా ఆయన పోయాడు. గుడి కట్టడం ఆగిపోయి ఇన్నాళ్లూ మన షెడ్డులోనే గోనెలు కప్పుకొని నిలబడి ఉంది. ఇప్పుడు గుడి పూర్తయింది, ఫాల్గుణంలో ప్రతిష్ఠ. ఫలకం మీద ఊరి పెద్దల పేర్లు, దాతల పేర్లు, కింద శిల్పి పేరు.

“శిల్పి అని ఎవరి పేరు టైపు చేయాలి?” అని అడిగాను.

“ఏందీ వదినా అట్లడుగుతావ్? అమ్మకు కండ్లు తెరిచింది ఎవరు? నేనే గదా. కండ్లు తెరిచినోడే శిల్పి.”

అతని పేరు నా వేళ్లతోనే టైపు చేయాలి, జ్యోతీ. డబ్బులు కట్టక్కర్లేని మంచి కీబోర్డు ఏదైనా ఉంటే చెప్పు.

అక్క,
మహానందమ్మ

* * *

నంద్యాల,
29 జనవరి 2026

అక్కా,

నీ ఉత్తరం అంగట్లో అందరికీ చూపించాను. ‘యాభై ఏళ్ల మా అక్క టైపు చేసింది చూడండి’ అని. రేషన్ కార్డు జిరాక్సుకు వచ్చిన ముసలాయన కూడా బాగుందన్నాడు. చదివాడో లేదో తెలియదు.

ఇప్పుడు నేను చెప్పేవి ఒక్కొక్కటే చేయి. ఫోన్‌లో ముందే ఉన్న కీబోర్డు సెట్టింగుల్లోకి పోయి భాషల్లో తెలుగు పెట్టుకో. అందులో మూడు దారులున్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో ‘amma’ అని కొడితే ‘అమ్మ’ వస్తుంది, అది ఒకటి. వేలితో తెర మీద పలక మీద రాసినట్టు రాయడం రెండోది. నీకు ఇదే బాగుంటుంది, చేతిరాత ముత్యాలు కదా. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే టైపు చేసుకోవడం మూడోది. ‘క్ష’ కావాలంటే వేలితో రాసెయ్, వెతుక్కోవద్దు.

రాసింది సరిగా వచ్చిందో లేదో చూడ్డానికి చదివి వినిపించే యాప్ ఒకటి ఉంది, దాని లింకు పంపాను. అందులో ఒక ఆడమనిషి గొంతు ఉంటుంది. రాగం, ఊపిరి ఏమీ ఉండవు, ఉన్నది ఉన్నట్టు చదివేస్తుంది. మనిషి చదివితే తప్పును కూడా దాటేసి చదువుతాడు, అది దాటెయ్యదు. ఇంకో లింకు పంచాంగానిది. తిథి, వారం, వర్జ్యం అన్నీ చూపిస్తుంది, పాత సంవత్సరాలవి కూడా. మధ్యలో ‘మీరు కారు గెలిచారు’ అని వస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు. కాంటాక్టులు చూడనివ్వమని అడిగే పంచాంగాన్ని తీసెయ్. పంచాంగానికి మన చుట్టాల నంబర్లతో ఏం పని?

అక్కా, ఒక మాట. ఉమాశంకర్ మంచి పని చేశాడు. నీ చేతికి ఒక విద్య ఇచ్చాడు. పేరు విషయం మనసులో పెట్టుకోకు. బావ పేరు అమ్మకు తెలుసు.

నీ చెల్లెలు,
జ్యోతి

* * *

ఆళ్లగడ్డ,
2 ఫిబ్రవరి 2026

జ్యోతీ,

మైకులో మాట్లాడితే అదే టైపు చేసుకుంటుందని నువ్వన్నావు. ఈ ఉత్తరం మాత్రం వేలితోనే రాస్తున్నాను. గోడకు అవతల మరిది, తోడికోడలు ఉన్నారు.

ఉమాశంకర్ మంచి పని చేశాడని రాశావు. అందుకే ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను.

మీ బావ పోయినప్పుడు నువ్వొచ్చావు. దహనం అయ్యాక మీ అత్తకు బాగాలేదని వెళ్లి, మళ్లీ పెద్దకర్మకు వచ్చావు. మధ్యలో జరిగింది నీకు తెలియదు.

మూడో రోజు ప్యాపిలి వాళ్లు జీపు వేసుకొని రోడ్డు మీది షెడ్డుకు వచ్చారు. రథసప్తమి నాడు అమ్మకు కళ్లు తెరిపించి, తమ కళ్లతో ఒకసారి చూసుకొని పోవాలని వాళ్ల కోరిక. మరిది పరుగున ఇంట్లోకి వచ్చాడు. నేను మీ బావ పంచె ఒళ్లో పెట్టుకొని ఏడుస్తున్నాను. అతనేమన్నాడో ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. “వదినా, ఏడుపు ఆపు. ప్యాపిలోళ్లు వచ్చినారు. ఈడ సావు జరిగిందని తెలిస్తే పని పాయె. నోట్లో గుడ్డ పెట్టుకోనైనా సరే, ఆపు.”

ఆపాను జ్యోతీ. పంచె నోట్లో కుక్కుకొని ఆపాను.

అన్న బెంగుళూరు పనికి పోయినాడని వాళ్లకు చెప్పాడు. శివరాత్రి దాటాక అక్కడే చనిపోయినాడని తర్వాత చెప్పాడు. ఇప్పటికీ ఆ ఊరు నమ్ముతున్నది అదే.

రథసప్తమి నాడు తెల్లవారుజామునే నా దగ్గరికి వచ్చి, “పెట్టె తాళం ఇయ్యి వదినా” అన్నాడు. కళ్లు తెరిచే బంగారు సూది మీ బావ పెట్టెలో ఉంటుంది. అన్న పోయి పదిరోజులు కాలేదు. తలంటు లేదు, శుద్ధి లేదు. ఆ మైల చేతులతో అమ్మ కళ్లు తెరిచాడు. కళ్లు తెరిచినప్పుడు అమ్మకు మొదట అద్దం చూపించాలి, ఆవునూ దూడనూ చూపించాలి. మీ బావ ఎప్పుడూ అద్దం తుడిచి తుడిచి పట్టేవాడు. ఇతను ఫోన్ పట్టుకొని అమ్మతో కలిసి సెల్ఫీ తీసుకున్నాడు. లోకంలో అమ్మ మొదట చూసింది ఆ కెమెరాను. వాకిలి సందులోంచి నేను చూశాను.

ఆ రోజు నుంచి చౌడమ్మ పేరున దీపం పెట్టలేదు నేను. శుద్ధమైన చేతులతో ఆ కళ్లు మళ్లీ తెరుచుకునే దాకా పెట్టను.

నేను నోటితో చెబితే ‘వాటా కోసం మరిది మీద చాడీలు చెబుతోంది’ అంటారు. పిల్లాజెల్లా లేనిదాని మాటకు ఏం బరువుంటుంది? కానీ జ్యోతీ, రోజూ తులసి దగ్గర నిలబడి నేను అడిగేది ఒక్కటే. వాణ్ణి నలుగురి ముందు నిలబెట్టు తల్లీ. నా నోరు మూయించినవాడి నోరు పెగలకుండా చేయి.

మోక్షం అడగాల్సిన వయసులో ఇది అడుగుతున్నాను. సిగ్గేమీ లేదు.

మహానందమ్మ

* * *

నంద్యాల,
4 ఫిబ్రవరి 2026

అక్కా,

నీ ఉత్తరం చదివి అంగడి షట్టరు సగం దించి కూర్చున్నాను. నాకెందుకు చెప్పలేదు? పెద్దకర్మ రోజు నీ పక్కనే పడుకున్నాను కదా.

కానీ నీ మనసులో ఏముందో నాకు అర్థమైంది, అదే భయంగా ఉంది. ఫైలు నీ చేతిలో ఉంది. మరిది సరేనన్నాక చివర్లో ఉమాశంకర్ తీసేసి బావ పేరు గురుస్వామి అని పెట్టి పంపుదామని చూస్తున్నావు. వద్దక్కా. మొదటి కాపీ, చివరి కాపీ అన్నీ వాట్సాప్‌లో ఉంటాయి. ఎవరు ఎప్పుడు మార్చారో తేలిపోతుంది. నిన్ను దొంగను చేస్తాడు. ఇల్లు వదలమంటాడు.

బావ పేరు ఫలకం మీద ఉండాలి, అంతేగా నీకు కావాల్సింది? దానికి నేనొక దారి చూస్తాను. నువ్వేమీ చేయకు.

టైపింగ్ మాత్రం బాగా వచ్చేసింది. ఒక్క ఒత్తు కూడా తప్పలేదు.

జ్యోతి

* * *

ఆళ్లగడ్డ,
8 ఫిబ్రవరి 2026

జ్యోతీ,

నన్ను ఇంత తక్కువగా చూశావా? ఇన్నేళ్లు దేవుడికి దండం పెట్టి, అమ్మ గుడి రాతి మీద దొంగరాత రాస్తానా? అతను చెప్పిందానికి ఒక అక్షరం కలపను, ఒక అక్షరం తీయను. అది నా ఒట్టు.

నిన్న పక్కన కూర్చొని శిల్పి ముక్క చెప్పాడు. కాలు మీద కాలు వేసుకొని చెప్పాడు. “రాయి వదినా. పైన పెద్దగా ‘శిల్పి’. దాని కింద వరుసలో ‘క్రోధి నామ సంవత్సర రథసప్తమి శుభదినమున నేత్రోన్మీలనం గావించిన ఉమాశంకర్ ఆచారి, ఆళ్లగడ్డ’. రథసప్తమి అని కచ్చితంగా ఉండాల. అంత మంచి దినం ఎవురికి దొరుకుతాది?”

వేలితో ఒక్కొక్క అక్షరం రాశాను. తర్వాత నువ్వు పంపిన యాప్‌తో చదివించాను. ఆ ఆడగొంతు ‘శుభదినమున’ అని చల్లగా పలికింది. మరిది మురిసిపోయాడు. “మళ్లా ఒకతూరి చదివించు” అన్నాడు. చదివించాను.

నువ్వేదో దారి చూస్తానన్నావు. ఏమీ చూడవద్దు. వాడి దగ్గర మనం అడుక్కోవడం నాకు ఇష్టం లేదు.

మహానందమ్మ

* * *

నంద్యాల,
10 ఫిబ్రవరి 2026

అక్కా,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం వచ్చేసరికే ఉమాశంకర్‌కు ఫోన్ చేసేశాను.

“అప్పా ఉమా, మీ అన్న పేరు మూలనైనా ఒక వరుస వేయించప్పా, మా అక్క మొగం చూసైనా” అన్నాను. ముందు నసిగాడు. “ఈడ స్థలం యాడుంది జ్యోతమ్మా?” అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, “సరే, చిన్నగా ఏసుకుందాం. అన్నను మరిచినానని ఎవురూ అనకూడదు. నువ్వే ఆ వరుస రాసి పంపు, నేను వదినకు పంపిస్తా” అన్నాడు.

స్మృత్యర్థం వరుసలు మా అంగట్లో రోజూ కొడతాను కదా, అదే పద్ధతిలో కొట్టి పంపాను. అతను తెరవకుండానే నీకు ఫార్వర్డ్ చేసి ఉంటాడు, అతని అలవాటు అది. చూసి పెట్టుకో. బావ పేరు గుడి రాతి మీద ఉంటుంది. ఇంక ఆ కోపం దించుకో అక్కా.

జ్యోతి

* * *

ఆళ్లగడ్డ,
13 ఫిబ్రవరి 2026

జ్యోతీ,

నువ్వు అడుక్కున్నావని తెలిసి మొదట ఒళ్లు మండింది. మీ బావ చెక్కిన అమ్మ గుడిలో మీ బావకు ఒక మూల భిక్షా అని, ఫోన్ మంచం మీదికి విసిరేసి ఆ పూట అన్నం తినలేదు.

మధ్యాహ్నం మరిది నుంచి ఫార్వర్డ్ వచ్చింది. నువ్వు కొట్టిన వరుస చదివాను. మళ్లీ చదివాను. పంచాంగం యాప్ తెరిచి పోయిన ఏడాది మాఘమాసం చూశాను. చూసి, లేచి కాళ్లు చేతులు కడుక్కొని అన్నం తిన్నాను.

కోపం లేదు. నువ్వు కొట్టిన వరుసను మరిది చెప్పినట్టే శిల్పి ముక్క కింద చిన్న అక్షరాల్లో పెట్టాను.

పంపేముందు అతన్ని అడిగాను. “ఒకసారి మొత్తం చదువుకో ఉమా, రాతి మీద పడితే మళ్లీ రాదు.” కారు తాళం వేలికి తిప్పుకుంటూ, “నువ్వు టైపు చేసినాక ఇంగ చూసేదేముంది వదినా? బేగా పంపు” అన్నాడు. “యాప్‌లో చదివిస్తాను, విను” అని రెండోసారి అన్నాను. “ఇన్నా గదా మొన్న” అని వెళ్లిపోయాడు. రెండుసార్లు అడిగాను. దేవుడి దగ్గర నా లెక్క సరిపోయింది.

శివరాత్రికి నువ్వు మహానంది పోతే నా పేరున కోనేట్లో ఒక మునక వేయి.

మహానందమ్మ

* * *

నంద్యాల,
17 ఫిబ్రవరి 2026

అక్కా,

మునక వేశాను. జనంలో ఊపిరాడలేదు, కానీ నీ పేరు చెప్పుకొని వేశాను. నువ్వు ఉమాశంకర్‌ను క్షమించావని దేవుడికి చెప్పాను. ఎంత తేలికగా అనిపించిందో.

నువ్వు పంపిన ఫలకం పీడీఎఫ్ చూశాను. అమరిక చాలా బాగుంది. మా అంగట్లో కూడా ఇంత బాగా పెట్టలేరు. ఒక్కటే బాధ, బావ వరుస మరీ చిన్నగా ఉంది. ఎవరు చదువుతారు అంత చిన్న అక్షరాలు?

ప్రతిష్ఠకు వెళ్తున్నావా? వెళ్లు. ఆ ఊరివాళ్లకు వడ్డించే దగ్గర సాయం చేయి. మనసు కుదుటపడుతుంది.

జ్యోతి

* * *

ఆళ్లగడ్డ,
27 ఫిబ్రవరి 2026

జ్యోతీ,

ఈ ఫోన్‌లో ఇదే ఆఖరి ఉత్తరం. సాయంత్రానికి తిరిగి ఇచ్చేయమని తోడికోడలు వాకిట్లో నిలబడి చెప్పింది. గుడ్డలు సర్దుకున్నాను. రేపు నంద్యాల బస్సు ఎక్కుతాను. మీ అంగట్లో నాకొక కుర్చీ చూడు. టైపింగ్ వచ్చు కదా.

చిన్న అక్షరాలు ఎవరు చదువుతారని అడిగావు. చెబుతాను.

నిన్న పొద్దున అమ్మను గర్భగుడిలోకి తీసుకుపోయేముందు ఫలకం మీద గుడ్డ తీశారు. ఊరి పెద్దావిడ జయలక్ష్మమ్మ చేతికి మైకు ఇచ్చారు. ఫలకం మీది పేర్లన్నీ పైకి చదవడం ఆ ఊరి పద్ధతి. మరిది శాలువా కప్పుకొని ముందు వరుసలో ఉన్నాడు. ఆమె కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చింది. “ఎవురన్నా సదవండప్పా” అంటోంది.

నేను వెళ్లాను. “మీరు ఇబ్బంది పడొద్దమ్మా. అదే రాత నా ఫోన్‌లో ఉంది. అది చదువుతుంది” అని మైకు దగ్గర ఫోన్ పెట్టి నొక్కాను.

పెద్దల పేర్లు వచ్చాయి, చప్పట్లు కొట్టారు. దాతల పేర్లు వచ్చాయి, కొట్టారు. ఆ గొంతు ఆగదు కదా, అట్లాగే చదువుకుంటూ పోయింది. శిల్పి. క్రోధి నామ సంవత్సర రథసప్తమి శుభదినమున నేత్రోన్మీలనం గావించిన ఉమాశంకర్ ఆచారి, ఆళ్లగడ్డ. మరిది లేచి దండం పెట్టాడు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే నువ్వు కొట్టిన వరుస వినబడింది. క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ విదియ నాడు శివైక్యం చెందిన ఆయన అన్న గురుస్వామి ఆచారి స్మృత్యర్థం.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పూజారి సుబ్బయ్య స్వామి కలశం కింద పెట్టాడు.

“అమ్మా, ఆ కడాకరిది మళ్లా చదివించు.”

చదివించాను.

“విదియ నాడు అన్న పోతే, సప్తమి నాడు తమ్ముడు కండ్లు తెరిచినాడా? అయిదు దినాలకే?” ఆయన మరిది వైపు తిరిగాడు. “ఏమప్పా ఉమాశంకర్, మీ అన్న శివరాత్రి దాటినాక పోయినాడని గదా నువ్వు చెప్పింది?”

“అది... టైపింగ్ తప్పు స్వామీ. మా వదిన రాసింది. ఆమెకు తెల్దు.”

అప్పుడు నేను మాట్లాడాను. గొంతు పెంచలేదు. “నేను రాసింది కాదు స్వామీ. నా మరిది ఫోన్ నుంచే వచ్చింది. ఆయన చెప్పినట్టే టైపు చేశాను” అని, ఫార్వర్డ్ అయిన మెసేజు చూపించాను. పైన అతని పేరు, అతని ఫోటో. ఆ ఫోటో ఏదనుకున్నావు? అమ్మ కళ్లు తెరిచిన రోజు తీసిందే. గడ్డం మాసి ఉంది. మైలలో గడ్డం తీయరు కదా.

జయలక్ష్మమ్మ ఆ ఫోటోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. “మైల చేతుల్తో మా అమ్మ కండ్లు తెరిచినావా? మా ఊరికి? పిల్లాపాపా ఉండే ఊరికి?” అంది. ఆమె చేతిలో మైకు ఉన్న సంగతి ఆమెకే గుర్తులేదు. ఊరంతా వినబడింది. ఆవిడే వెళ్లి మరిది భుజం మీది శాలువా లాగేసింది.

సుబ్బయ్య స్వామి ప్రాయశ్చిత్తం చెప్పాడు. సాయంత్రం ముహూర్తానికి సంప్రోక్షణ చేసి, ధ్వజస్తంభం పనికి వచ్చిన ముసలి స్థపతి చేత మళ్లీ కళ్లు తెరిపించాలని తేల్చారు. మరిది జేబులోంచి మీ బావ బంగారు సూది తీసి ఇచ్చాడు. సాయంత్రం అమ్మకు అద్దం చూపించారు, ఆవునూ దూడనూ చూపించారు. ఏడాది తర్వాత నేను దీపం పెట్టాను.

కానీ నీకు చెప్పాల్సింది మధ్యాహ్నం జరిగింది. ఆ పేరు ఉన్న రాయి గుడిలో ఉండకూడదని ఊరు పట్టుబట్టింది. కొత్త రాయికి సమయం లేదు. “పెట్టించుకున్నది నువ్వే. నీ చేత్తోనే గీకెయ్యి” అంది జయలక్ష్మమ్మ. సుత్తి, ఉలి తెచ్చి అతని ముందు పడేశారు. ఆ ఎండలో, అంతమంది మధ్య, మరిది మోకాళ్ల మీద కూర్చొని తన పేరు తానే చెక్కేశాడు. పైన ‘శిల్పి’ అన్న మాటను మాత్రం ముట్టనివ్వలేదు స్వామి. ఇప్పుడు ఆ రాతి మీద ‘శిల్పి’ అని ఉంది. దాని కింద గరుకుగా ఒక ఖాళీ వరుస. ఆ కింద, నువ్వు చిన్నగా ఉన్నాయన్న అక్షరాల్లో, మీ బావ పేరు.

తిథితో సహా కొట్టి పంపావు. తెలిసి కొట్టావా, అలవాటుగా కొట్టావా? నేను అడగను. నువ్వు చెప్పకు.

అతను చెక్కుతుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఒక్కొక్క అక్షరం పొడిగా రాలుతోంది. ఉలి చప్పుడు వింటుంటే మీ బావ షెడ్డులో ఉన్నట్టే అనిపించింది. అప్పుడు వచ్చింది జ్యోతీ, ఏడాది కింద పంచె కుక్కి ఆపిన ఏడుపు. గుండె బాదుకొని, పేరు పెట్టి పిలిచి, ఆ ఊరు ఊరంతా తిరిగి చూసేటట్టు ఏడ్చాను. జయలక్ష్మమ్మ నన్ను పొదివి పట్టుకొని, “ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు” అంది.

మరిది సుత్తి ఆపి తలెత్తి నా వైపు చూశాడు. ఆపమనలేదు.

మీ అక్క,
గురుస్వామి ఆచారి భార్య
మహానందమ్మ